ఎయిర్ ఫిల్టర్: కడిగి వాడేదా? మార్చి పారేసేదా?

టమాట, బెండ, వంకాయ ఎక్కించుకుని ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీదుగా వనస్థలిపురం, సరూర్‌నగర్ రైతుబజార్లకు పోయే బండికి అసలు పరీక్ష పొలం బాటలోనే. ఎర్రచెల్కల సన్నటి దుమ్ము, కంకర లారీలు తిరిగే దారుల్లో లేచే రాతిపొడి బండి పీల్చే గాలిలో కలిసే ఉంటాయి. ఒక లీటరు డీజిల్ మండాలంటే సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి. దాన్ని వడగట్టేది ఎయిర్ ఫిల్టరే. వడగట్టని దుమ్ము ఆయిల్‌తో కలిసి ఆకురాయిలా బోరును, పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

మరి కడిగి మళ్లీ వాడుకునే ఫిల్టర్ మేలా, మార్చి పారేసేది మేలా? ముందు మీ బండికి కంపెనీ ఏది బిగించిందో చూసుకోండి.

ఆయిల్ ఫిల్టర్ (ఆయిల్ బాత్)

పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఉండేది ఇదే. గాలి కింది గిన్నెలోని ఆయిల్‌ను తాకి పైకి మళ్లుతుంది. దుమ్ము ఆయిల్‌లో దిగబడుతుంది. మిగిలింది తీగల జాలీకి అంటుకుంటుంది. కొత్తది కొనే ఖర్చు లేదు కానీ పని మాత్రం ఉంది. ఎండు దుక్కి దున్నే రోజుల్లో ఇంజను ఆపి రోజూ గిన్నె విప్పి చూడాలి. ఆయిల్ చిక్కబడినా, అడుగున మడ్డి పేరుకున్నా పారబోసి, గిన్నెను, జాలీని డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, గీత వరకు కొత్త ఇంజన్ ఆయిల్ పోయాలి. గీత కంటే తగ్గితే దుమ్ము లోపలికి పోతుంది. పెరిగితే ఆయిల్‌నే ఇంజను లాగేసుకుంటుంది. తీసిన ఆయిల్‌ను కాల్వలో, చెరువులో పోయకండి.

కాగితం ఫిల్టర్

ట్రాలీ ఆటోలు, డీసీఎంలు, కొత్త ట్రాక్టర్లలో ఎక్కువగా ఇదే. ఆయిల్ ఫిల్టర్ 100 పాళ్ల దుమ్ములో సుమారు 95 పాళ్లు ఆపితే, మంచి కాగితం ఫిల్టర్ 99 పాళ్లకు పైగా ఆపుతుంది. అయితే దీనికి ఆయువు ఉంటుంది.

నా అనుభవమే చెబుతాను. మా ఇంటి ట్రాలీ బండి ఫిల్టర్‌ను టైరుకు కొట్టి దులిపి ఏళ్ల తరబడి వాడాను. వందల రూపాయలు మిగిలాయనుకున్నాను. చివరికి ఇంజను ఆయిల్ తాగడం మొదలైంది. విప్పిస్తే బోరు అరిగిపోయింది, ఫిల్టర్ మడతలో సన్నటి చీలిక కనిపించింది. ఒక పంట మీద మిగిలిన డబ్బు మెకానిక్ షెడ్డులోనే పెట్టి వచ్చాను.

అందుకే కాగితం ఫిల్టర్‌ను కొట్టకూడదు. నీళ్లతో, పెట్రోలుతో కడగకూడదు. గాలి కొట్టాల్సి వస్తే 30 పౌండ్లు మించకుండా లోపలి నుంచి బయటికి కొట్టాలి. తర్వాత చీకట్లో లోపల బల్బు పెట్టి చూడండి. ఎక్కడైనా వెలుగు చుక్కలా కనిపిస్తే ఆ ఫిల్టర్ పనికిరాదు. లోపల రెండో చిన్న ఫిల్టర్ ఉంటే దాన్ని శుభ్రం చేయవద్దు, మార్చడమే. ఊరికే మాటిమాటికి విప్పినా దుమ్ము లోపల పడుతుంది. నల్లపొగ వచ్చినా, బండి లాగకపోయినా, ఎర్ర గుర్తు చూపే సూచిక ఉంటే అది కనిపించినా విప్పండి.

నూనె పూసిన బట్ట ఫిల్టర్

కడిగి, నూనె పూసి ఏళ్లపాటు వాడవచ్చని చెప్పి అమ్మేవి ఉన్నాయి. నూనె తక్కువైతే సన్నటి దుమ్ము దూరిపోతుంది. ఎక్కువైతే కొత్త బండ్లలో గాలిని కొలిచే సెన్సర్ పాడవుతుంది. మన చెల్క బాటలకు ఇది తగినది కాదు.

ఏది ఎంచుకోవాలి?

పాత ట్రాక్టర్‌కు ఆయిల్ ఫిల్టరే ఉంచండి, రోజూ చూసుకోండి. కాగితం ఫిల్టర్ ఉన్న బండికి కంపెనీ సరుకే కొని, పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చండి. దుమ్ము బాటల్లో తిరిగితే గడువుకు ముందే మార్చాలి. ఏ రకమైనా ఫిల్టర్ నుంచి ఇంజనుకు పోయే రబ్బరు పైపు, క్లిప్పులు చూడటం మరవద్దు. పైపు పగిలితే ఎంత మంచి ఫిల్టర్ ఉన్నా దండగే. ఫిల్టర్ ఖర్చు వందల్లో, ఇంజను పని వేలల్లో. లెక్క మీరే వేసుకోండి.