ఆరు లక్షల కారు లక్షకే వస్తుంటే... పాత కారు అసలు ఖర్చు ఎంత?



గత నెల ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ పాఠం చివర తరుగుదల లెక్కలు చేయించాను. సూత్రం అదే. వడ్డీ దగ్గర ప్లస్ ఉంటుంది, తరుగుదల దగ్గర మైనస్ పెడతాం. బోర్డు మీద 6,00,000 రూపాయల కొత్త కారు రాసి, ఏటా 15 శాతం చొప్పున విలువ తగ్గితే ఎంతవుతుందో కట్టమన్నాను. ఏడాదికి 5,10,000. ఐదేళ్లకు సుమారు 2,66,000. పదేళ్లకు సుమారు 1,18,000. మూడో బెంచీ నుంచి ఒకబ్బాయి లేచి, "మేడమ్, ఆరు లక్షల కారు పదేళ్లు ఆగితే లక్షకే వస్తుంటే అందరూ కొత్తది ఎందుకు కొంటారు? మా డాడీ కూడా దసరాకి సెకండ్ హ్యాండ్ కారే చూస్తున్నారు" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నేను మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న వేసుకోకుండానే మా నాన్న ఒకసారి కారు కొన్నారు. ఆ కథ బెల్లు కొట్టేలోపు అయ్యేది కాదు. అందుకే ఈ నెల మీకు రాస్తున్నాను.

ముందు ఆ అబ్బాయి ఎంతవరకు కరెక్టో చూద్దాం. పై లెక్కలో మొదటి ఏడాది కారు విలువ 90,000 తగ్గింది. పదో ఏడాదిలో తగ్గేది దాదాపు 21,000 మాత్రమే. అంటే పెద్ద నష్టమంతా మొదట కొన్నవాళ్లే భరించారు. తర్వాత కొన్నవాళ్లకు ఆ బాధ లేదు. లెక్క ప్రకారం ఇది నిజమే. కానీ ఆ సూత్రంలో కారు విలువ ఉందిగానీ, కారు మీద పెట్టే ఖర్చు లేదు.

మా ఇంటి నోట్‌బుక్

2020 అక్టోబర్‌లో, లాక్‌డౌన్ తర్వాత, నాయనమ్మను గుడివాడ నుంచి విజయవాడ ఆసుపత్రికి తరచూ తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆమెను బస్సు ఎక్కించాలంటే భయం. నాన్న తెలిసిన బ్రోకర్ ద్వారా 2009 మోడల్ చిన్న పెట్రోల్ కారు 1,65,000 కు కొన్నారు. కొంత డబ్బు చేతిలో ఉంది, మిగతాది అమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చారు. "ఈఎంఐ లేదు, అప్పు లేదు" అని ఇంట్లో అందరికీ చెప్పుకున్నారు. గాజుల మీద వడ్డీ ఆయన లెక్కలోకి రాలేదు!

నాన్న కిరాణా కొట్టు నడుపుతారు కాబట్టి ప్రతి ఖర్చూ నోట్‌బుక్‌లో రాసే అలవాటు ఉంది. మొదటి ఏడాది పేజీ ఇదీ: పేరు మార్పిడికి, ఏజెంటుకు కలిపి 4,500. ఇన్సూరెన్స్ 5,200. నాలుగు టైర్లు 14,800. బ్యాటరీ 4,300. క్లచ్ సెట్, లేబర్‌తో సహా 9,600. షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు 11,400. ఏసీ కంప్రెసర్ 17,500. రెండు సర్వీసులు 7,200. మొత్తం 74,500. పెట్రోల్ ఇందులో లేదు. కొన్న ధరలో ఇది 45 శాతం. ఆ ఏడాది కారు తిరిగింది 6,000 కిలోమీటర్లు. భాగిస్తే పెట్రోల్ పోయకముందే కిలోమీటరుకు 12 రూపాయల 40 పైసలు!

అప్పుడు నేను బీఈడీ చదువుతున్నాను. రెండో విడత ఫీజుకు పక్కన పెట్టిన డబ్బు కంప్రెసర్‌కు, క్లచ్‌కు పోయింది. పక్కింటి పిల్లలకు ట్యూషన్లు చెప్పి, ఫైన్‌తో సహా ఆ ఫీజు నేనే కట్టుకున్నాను. నాన్న ఈ విషయం ఎప్పుడూ మాట్లాడరు. కానీ ఆ పేజీలో కంప్రెసర్ అంకె కింద రెండు గీతలు కొట్టి ఉంటాయి.

కంప్రెసర్ వేయించిన రోజు నేనూ విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లాను. నాన్న బేరమాడుతుంటే మెకానిక్ అన్నాడు: "బాబాయ్ గారూ, కారు మీరు పాత రేటుకు కొన్నారు. సామాను నేను కొత్త రేటుకే తేవాలి కదా."

తరుగుదల పాఠంలో లేని మాట అది. కారుకు పదేళ్లు నిండితే దాని ధర ఐదో వంతుకు పడిపోవచ్చు. క్లచ్ ప్లేటు ధర మాత్రం ఐదో వంతు కాదు. టైరు కంపెనీవాడు మీ కారు వయసు అడిగి రేటు తగ్గించడు. ఆరు లక్షల కారుకైనా, లక్షన్నర పెట్టి కొన్న అదే మోడల్‌కైనా రిపేరు బిల్లు ఒకటే. పాతదానికి అది తరచుగా వస్తుంది, అంతే తేడా.

రెండో ఏడాది ఖర్చు 23,600 కు దిగింది. నాకు ఇది చాలా రోజులు అర్థం కాలేదు. కారు ఇంకా పాతబడితే ఖర్చు పెరగాలి కదా? తర్వాత తెలిసింది. కారు అమ్మేద్దామని అనుకున్న రోజు నుంచే మనిషి దాని మీద డబ్బు పెట్టడం మానేస్తాడు. టైర్లు మార్చడు, "ఇంకొన్నాళ్లు లాగుతుందిలే" అని క్లచ్ వదిలేస్తాడు. పైకి పాలిష్ చేయించి, సీట్లకు కొత్త కవర్లు వేయిస్తాడు. ఆయన వాయిదా వేసిన ఖర్చులన్నీ మొదటి ఏడాదిలో మన నెత్తిన పడతాయి. మా మొదటి ఏడాది బిల్లులో సగానికి పైగా నిజానికి పాత ఓనర్ పెట్టాల్సిన డబ్బు.

నిమ్మకాయల లెక్క

దీని మీద ఆర్థికశాస్త్రంలో పేరున్న వ్యాసమే ఉంది. జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లో పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని రాశారు. మొదట కొన్ని పత్రికలు దాన్ని తిరగ్గొట్టాయి. 2001లో ఆయనకు, మరో ఇద్దరితో కలిపి, ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలో బయటికి బాగున్నట్టు కనిపించి లోపల పాడైన కారును "నిమ్మకాయ" అంటారు. ఈ మాట చెప్పగానే మా క్లాసులో గోల. మనం కొత్త బండికి పూజ చేసి టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం, వాళ్లేమో బండినే నిమ్మకాయ అంటున్నారు మరి!

వ్యాసంలోని ఆలోచనను పిల్లలకు ఇలా చెప్పాను. మార్కెట్లో మంచి కారు విలువ రెండు లక్షలు, పాడైన కారు విలువ లక్ష అనుకోండి. ఏది ఏదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు మధ్యస్తంగా లక్షన్నర ఇస్తానంటాడు. మంచి కారు ఉన్నవాడు "నా కారుకు లక్షన్నరా?" అని అమ్మకుండా ఇంటికి వెళ్లిపోతాడు. పాడైన కారువాడు సంతోషంగా ఒప్పుకుంటాడు. ఇలా జరుగుతూ పోతే మార్కెట్లో మిగిలేవి ఎక్కువగా పాడైనవే. తప్పంతా మోసానిదే కాదు, ఒకరికి తెలిసి మరొకరికి తెలియకపోవడం వల్ల కూడా ఇలా అవుతుంది.

కాబట్టి కొనేవాడు చేయాల్సింది ఆ తేడాను తగ్గించుకోవడం. మా నాన్న కారు చూపించింది బ్రోకర్ తీసుకొచ్చిన మెకానిక్‌కే. వెయ్యో పదిహేను వందలో ఇచ్చి మనకు తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లి ఉంటే, ఆ క్లచ్ సంగతి అక్కడే తేలేది. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి వేడెక్కించి పెట్టారంటే ఎందుకో అడగండి. మీటర్లో 40,000 కిలోమీటర్లే ఉండి, బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటర్‌ను నమ్మకండి. సర్వీసు రికార్డు అడగండి.

టైర్లు చూడటం మాత్రం పిల్లలకు అప్పజెప్పండి, వాళ్లకు సరదా. టైరు పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 1114 అని ఉంటే 2014వ సంవత్సరం 11వ వారంలో తయారైందని అర్థం. మా కారు టైర్ల మీద ఉన్నది ఆ అంకెలే. గ్రిప్ బాగానే కనిపించింది, కానీ ఆరేళ్ల రబ్బరు గట్టిపడి పగుళ్లిచ్చింది.

ఇంకొక్క జాగ్రత్త. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో వాహనాలు నీళ్లలో మునిగిన సంగతి మీకు తెలుసు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ అంతే. అలాంటివి శుభ్రమై మళ్లీ అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద మరక దొరుకుతుంది. మ్యాట్ కింద వాసన, సీటు పట్టాల మీద తుప్పు కూడా చూడండి.

కాగితాల ఖర్చు

ఆర్సీలో ఓనర్ పేరు, ఎన్నో ఓనరో, బ్యాంకు లోను ఇంకా ఉందో లేదో చూడటం అందరికీ తెలిసిందే. పెండింగ్ చలాన్లు కూడా చూడండి. కారు వేరే రాష్ట్రానిదైతే అక్కడి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ పడుతుంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి కార్లు చవగ్గా కనిపిస్తున్నాయి. ఆ చవకలోంచి ఈ పన్ను, రవాణా ఖర్చు తీసేసి చూడండి.

ఇన్సూరెన్స్‌లో చాలామంది పొరబడేది ఒకటుంది. పాత ఓనర్ పాలసీ ఇంకా నడుస్తోందని ఊరుకుంటాం. థర్డ్ పార్టీ రక్షణ కారుతో పాటు వస్తుందిగానీ, మన కారుకు దెబ్బ తగిలితే డబ్బు రావాలంటే కొన్న 14 రోజుల్లోపు పాలసీని మన పేరు మీదికి మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషిదే, కారుది కాదు. అది ఆయనతోనే వెళ్లిపోతుంది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగమే ఇస్తారు. పదేళ్లు దాటిన కారు ఇనుప భాగాలకూ సగమే. మిగతా సగం మన జేబులోంచే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది రిజిస్ట్రేషన్ తేదీ. సొంత కారు ఆర్సీకి 15 ఏళ్ల గడువు ఉంటుంది. తర్వాత బండిని ఆర్టీఓ ఆఫీసులో చూపించి, ఐదేళ్లకోసారి రెన్యూ చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 కు పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఫీజు కన్నా, బండిని పాసయ్యేలా తయారుచేయడానికి అయ్యే ఖర్చే ఎక్కువ. 11 ఏళ్ల కారు కొన్నామంటే నిజానికి నాలుగేళ్ల కారు కొన్నట్టే.

మా నాన్న 2024 ఏప్రిల్‌లో, గడువు ఇంకా మూడు నెలలుండగా, కారును 42,000 కు అమ్మేశారు. ఆ రాత్రి మేమిద్దరం నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. విలువలో పోయింది 1,23,000. మూడున్నరేళ్లలో రిపేర్లు, ఇన్సూరెన్స్, కాగితాలు 1,38,000. మొత్తం 2,61,000. 42 నెలలతో భాగిస్తే నెలకు 6,200 పైనే, పెట్రోల్ కాకుండా. నాన్న కళ్లజోడు తీసి, "ఈఎంఐ లేదనుకున్నాను" అన్నారు. అయినా ఆ కారు దండగ అని నేను అనను. నాయనమ్మను ఒక్క అపాయింట్‌మెంట్ కూడా తప్పకుండా తీసుకెళ్లింది అదే.

నన్ను అడిగితే, పదేళ్లు దాటినదానికన్నా నాలుగైదేళ్లది, ఒకే ఓనర్‌ది మేలంటాను. పై సూత్రం ప్రకారం ఐదేళ్లకే విలువలో 55 శాతం మొదటి ఓనర్ ఖాతాలో పోయింది, ఆర్సీకి ఇంకా పదేళ్లుంది. అంత బడ్జెట్ లేక పాతదే తీసుకోవాల్సి వస్తే, చేతిలో రెండు లక్షలుంటే రెండు లక్షల కారు చూడకండి. లక్షన్నరలో చూసి, మిగతా 50,000 మొదటి ఏడాదికి ఉంచుకోండి. పిల్లల ఫీజు డబ్బును మాత్రం అందులో కలపకండి.

ఈ నెల ఇంటి పని

కారే అక్కర్లేదు, ఇంట్లో బైకు ఉన్నా సరే. కొన్న ధర, ఇప్పుడు అమ్మితే వచ్చే ధర, గత ఏడాది రిపేర్లు, ఇన్సూరెన్స్, పెట్రోల్, తిరిగిన కిలోమీటర్లు పిల్లలతో రాయించి, కిలోమీటరుకు ఎంత పడుతుందో వాళ్లనే కట్టమనండి. బిల్లులు దొరక్కపోతే గుర్తున్నంతవరకు చాలు. బండి నంబర్, మీ పేరు రాయనవసరం లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు మ్యాథ్స్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకొస్తే, వచ్చే సోమవారం అందరి లెక్కలూ బోర్డు మీద పెట్టి చూస్తాం. మూడో బెంచీ అబ్బాయి వాళ్ల డాడీ చూస్తున్న రెండు కార్ల వివరాలు తెస్తానన్నాడు. టైర్ల మీది అంకెలు కూడా రాసుకు రమ్మన్నాను.