గీకిన కాగితము

చి. చిట్టితల్లికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరముకంటె ముందే మీ అమ్మ ఫోను వచ్చినది. రెండు రాత్రులుగా అన్నము ముట్టలేదట. ముందు భోజనము చేసి, పిమ్మట ఇది చదువుము.

ఒక రోగి రక్తపరీక్షలో పొటాషియము 8.4, కాల్షియము 5.2 అను జంట కంటబడినను సంశయింపక రిపోర్టు పంపితివి. ఆ అంకె నిజమైనచో గుండె లయ తప్పవలసినవాడు మంచముపై కూర్చుండి ఇడ్లీ తినుచున్నాడేమని వార్డు డాక్టరు అడుగుటచేత గదా గుట్టు బయటపడినది! రక్తము చాలక ఊదామూత ట్యూబులోనిది కొంత ఎర్రమూత ట్యూబులో పోసినారు, ఊదామూతదానిలోని ఇ.డి.టి.ఏ. లవణము పొటాషియమును వెంటబెట్టుకొని వచ్చును, కాల్షియమును పట్టి బంధించును. నీవు తక్షణమే క్రొత్త రక్తము తీయించి, 4.1 అని తేల్చి, సవరించిన రిపోర్టు పంపితివి. ఇంతవరకు నిన్ను తప్పుపట్టను.

కాని రిజిస్టరులోని 8.4పై వైట్‌నర్ పూసితివట! ఆ మాట చదివి నేను కుర్చీలోనుండి లేచిన తీరునకు మీ పెద్దమ్మ వంటింటినుండి పరుగెత్తుకొని వచ్చినది.

నా యిరువదిమూడవ యేట ఫ్లేమ్ ఫోటోమీటరుపై పనిచేయుచుంటిని. రక్తరసమును నూరురెట్లు పలుచన చేసి మంటలోనికి పంపినచో సోడియము పసుపుపచ్చగా వెలిగెడిది. ఆ సొగసు మీ యంత్రములకేది? ఒకనాడు 168 వచ్చినది. మరల చేయగా 139. గుట్టుచప్పుడు కాకుండ బ్లేడుతో మొదటి అంకెను గీకివేసి, బ్లూబ్లాక్ సిరాతో రెండవది వ్రాసితిని. గీకినచోట సిరా చెదరకుండ వ్రాయుట ఆ కాలమున ఒక విద్య, నాకు బాగుగనే అబ్బినది. సాయంకాలము మా పెద్ద టెక్నీషియను ఆ పుటను కిటికీకెదురుగా ఎత్తి పట్టుకొనెను. ఒకటి కాదు, ఆ నెల పుటలలో ఆరుచోట్ల కాగితము పలుచనై వెలుతురు చిమ్మినది. ఆరును మధ్యాహ్నభోజనానంతరపు పరీక్షలే! ఆవకాయ కలుపుకొని తిని, వట్టి నీటితో కడుగుకొని వచ్చిన వ్రేళ్లతో మేము శాంపిలు గిన్నెలు ముట్టుచుంటిమి. ఆ ఉప్పే మంటలో వెలిగినది. తలయొక అంకెను దాచుకొని, ఆరుగురము ఒకే తప్పును నెలదినములు పెంచితిమి.

కనుక తల్లీ, తప్పిన అంకెపై ఒక్క గీత, క్రింద చదువుటకు వీలగునట్లుగా. ప్రక్కన ఒప్పు అంకె, కారణము, తేదీ, వేళ, సంతకము. జెల్ పెన్ను వలదు, నీరు తగిలిన అలుకుకొనిపోవచ్చును. పెన్సిలు మాట తలపెట్టనే వలదు. పూసిన వైట్‌నర్ గోకకుము, దాని ప్రక్కన "ఇచ్చట 8.4 ఉండెను, నేను కప్పితిని" అని నేటి తేదీతో వ్రాసి, మీ డాక్టరుగారికి నీవే చూపుము. తనిఖీకి ఎన్.ఏ.బి.ఎల్. వారు వత్తురని కాదు, రేపు మరియొక 8.4 వచ్చిననాడు ఇది రెండవదని తెలియుటకు.

4.1 ఆ రోగికి మాత్రమే సవరణ. ఆ ఉదయము అదే చేతిమీదుగా వచ్చిన శాంపిళ్లన్నియు మరల చూడుము. రక్తము తీసిన పిల్లవానిని కసరక, రక్తము చాలనప్పుడేమి చేయుచున్నాడో అడుగుము. తెల్లవారుజామున ఒంటరిగా అన్ని మంచములు తిరుగువానికి "ఒక ట్యూబునుండి మరియొకదానిలో పోయరాదు" అని ఎవరైన చెప్పిరా? నీవే చెప్పి, వ్రాసి, నెల గడచిన పిమ్మట ఆ రెండంకెల జంట మరల కనబడినదేమో వెదకుము. ఉద్యోగము పోవునని ఏడ్చితివట, పిచ్చితల్లి! నాకును ఆ సాయంకాలము అట్లే తోచినది. ఇంటికి పోక గోదావరి గట్టున చీకటి పడువరకు కూర్చుంటిని.

ఎల్లుండి వచ్చు మన వీథి అబ్బాయిచేత పెద్దమ్మ ఆవకాయ పంపుచున్నది. గ్లవ్సులున్నవందువు, ఐనను తిన్న పిమ్మట సబ్బుతో కడుగుకొనుము.

ఇట్లు,
పెదనాన్న