‘పడుకున్నారా’ అని అడగకు

సంగారెడ్డి



బిడ్డా, ఐసీయూ రోగుల నిద్ర మీద థీసిస్ మొదలుపెట్టావని తెలిసి సంతోషపడ్డాను. రిచర్డ్స్-క్యాంప్‌బెల్ ప్రశ్నావళికి నువ్వు చేసిన అనువాదం చదువుతూ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ‘రాత్రి ఎలా పడుకున్నారు?’ అని రాశావు. మన దగ్గర పడుకోవడమంటే నడుం వాల్చడమూ అవుతుంది, నిద్రపోవడమూ అవుతుంది. దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చేవారు ‘నిద్రపోయారు’ అనే రాస్తారు. మూలంతో సరిపోయిందని నువ్వు టిక్కు పెడతావు. తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఈ సంగతి నాకొక రోగి నేర్పాడు. పాశమైలారంలో రియాక్టర్ దగ్గర పనిచేసే మనిషి. వెంటిలేటర్ తీసి రెండో రోజు. నైట్ డ్యూటీలో ఎప్పుడు చూసినా కళ్లు మూసుకునే ఉన్నాడని చార్టులో ‘బాగా నిద్రపోయాడు’ అని రాశాను. తెల్లారి “రాత్రి పడుకున్నవా అన్నా?” అంటే “పడుకున్న సిస్టర్” అన్నాడు. “నిద్ర పట్టిందా?” అని అడిగాను. “నిద్ర యాడిది! మిషిన్ల మోతకు కండ్లు మూసుకొని ఒరిగిన, అంతే” అన్నాడు.

అందుకే ‘పట్టడం’ అనే మాట పట్టుకో. ఎంత గాఢంగా పట్టింది, పట్టడానికి ఎంతసేపైంది, ఎంతగా మెలకువ వచ్చింది, మెలకువ వచ్చాక మళ్లీ పట్టిందా, మొత్తమ్మీద ఎలాంటి నిద్ర. అయిదు ప్రశ్నలూ ఇవే. ఒక్కోదానికి 100 మిల్లీమీటర్ల గీత, అయిదింటి సగటే స్కోరు. 2000లో 70 మంది మగ రోగుల మీద, మెదడు తరంగాలు నమోదుచేసే పాలీసోమ్నోగ్రఫీతో పోల్చి దీన్ని పరీక్షించారు.

ఆ గీతను స్కేలుతో కొలిచి చూసుకో, జిరాక్స్‌లో పొడవు మారుతుంది. చేతికి క్యాన్యులా ఉంటే నీ వేలు గీత మీద జరుపుతూ, ఎక్కడ ఆపాలో రోగినే చెప్పమను. డెలీరియం ఉందేమో ముందే చూడు, అయోమయంలో ఉన్నవారి జవాబు లెక్కకు రాదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ఒడియా, హిందీ మాట్లాడే కార్మికులు చాలామంది. వాళ్లకు నీ తెలుగు ఫారాన్ని అప్పటికప్పుడు నోటితో మార్చి చెప్పకు, వాళ్ల భాషలో సరిచూసిన ఫారం తెచ్చుకో. ఏళ్లుగా నైట్ షిఫ్టు చేసినవారికి పగలే నిద్రవేళ. వాళ్ల షిఫ్టు ఏదో విడిగా రాసుకో.

అధ్యయనం మొదలుపెట్టే ముందు పదిమంది రోగుల దగ్గర కూర్చొని, ‘ఈ ప్రశ్న మీకెట్ల అర్థమైంది?’ అని అడుగు. వాళ్లు వాడిన మాటలనే ఫారంలోకి తీసుకో.

ఇదంతా స్కోరు కోసం కాదు బిడ్డా. ఆసుపత్రి గదిలో రాత్రి సగటు శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన ఐసీయూల్లో అది కష్టమే. అయినా రోగికి తగ్గట్టు అలారం లిమిట్లు సరిచేయడం, లైట్లు తగ్గించడం, వాయిదా వేయగల రక్తపరీక్షలు తెల్లారాక చేయడం మన చేతుల్లోనే ఉన్నాయి. నిద్ర పట్టలేదని రోగి చెప్పగలిగితేనే కదా, వీటిలో ఏది చేయాలో మనకు తెలిసేది! మొదటి ప్రశ్న మార్చి మళ్లీ పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ