పందెపు కారులో ప్రధాన స్విచ్చి

"పందెపు కారు బోల్తాపడినచో బ్యాటరీ తీగను తెంచిన చాలదా?" అని మా బరంపురము పాఠశాలలో ఒక విద్యార్థి ప్రశ్నించెను. మంచి ప్రశ్నయే గాని, చాలదు.

ఇంజను తిరుగుచున్నంతవరకు ఆల్టర్నేటరు విద్యుత్తును పుట్టించుచునే యుండును. బ్యాటరీ తొలగినను ఆ విద్యుత్తుతో ఇంజనును, పెట్రోలు పంపును ఆడుచుండవచ్చును. చిట్లిన గొట్టమునుండి పెట్రోలు చిమ్మునపుడు, నలిగిన తీగనుండి ఒక్క నిప్పురవ్వ రాలిన చాలును. బెల్టులతో బిగింపబడిన మనిషి గతి యేమి?

అందుచేత ఈ స్విచ్చిలో మూడు జతల కొనలుండును. లావైన జత బ్యాటరీ తీగకు. రెండవ జత, మీట త్రిప్పగానే విడివడి ఇగ్నిషనును ఆపును. మూడవది అందుకు విరుద్ధముగా అప్పుడే కలిసికొని, ఆల్టర్నేటరు విద్యుత్తును 3 ఓముల నిరోధకము ద్వారా కారు చట్రమునకు దించును. లేనిచో ఆ పోటునకు ఆల్టర్నేటరులోని డయోడులు చెడిపోవచ్చును. లావు తీగలు బిగించి, చిన్న జతలను విడిచిపెట్టువారు కలరు! పందెమునకు ముందే ఇంజనును కొంత వేగముగా నడిపి, మీట త్రిప్పి, అది ఆగునో లేదో చూడవలెను.

మీట లోపలి చోదకునకును, వెలుపలి సహాయకునకును అందవలెను. మద్రాసు చేరువ ఇరుంగాట్టుకోట్టై పందెములకు పోయినచో, కారుపై తెల్లని అంచుగల నీలి త్రికోణములో ఎఱ్ఱని మెరుపు గుర్తును వెదకుడు. సహాయకుడు పరుగెత్తి పట్టుకొనవలసిన చోటు అదియే.