గీగర్ గొట్టం – నేను రికార్డులో రాయని రీడింగు

ఎం.ఎస్సీ. ప్రీవియస్‌లో ఉండగా గీగర్-ముల్లర్ కౌంటరు ప్రయోగం నా వంతుకు వచ్చింది. వోల్టేజిని 25 వోల్టుల చొప్పున పెంచుతూ, నిమిషానికి ఎన్ని కౌంట్లు వస్తున్నాయో రాసుకోవాలి. ఒక దశలో వోల్టేజి పెంచినా కౌంట్లు అంతగా పెరగవు. గ్రాఫులో చదునుగా కనిపించే ఆ భాగమే 'ప్లేటో'. అది దాటగానే అంకెలు జోరుగా ఎగబాకాయి. సోర్సు బ్రహ్మాండంగా పనిచేస్తోందని మురిసిపోయి మరో రెండు రీడింగులు తీశాను. ల్యాబ్ అటెండరు గారు పరుగున వచ్చి, "బాబూ, ముందా నాబ్ వెనక్కి తిప్పండి, ట్యూబు పోతుంది!" అన్నారు. మర్నాడు అదే ట్యూబుతో చేసిన నా మిత్రుడికి ప్లేటో బాగా కురచగా వచ్చింది. వాడు పాపం తన లెక్కే తప్పనుకున్నాడు. నేను నోరు మెదపలేదు.

ఇంతకూ ఆ గొట్టంలో జరిగిందేమిటి? లోహపు గొట్టం కాథోడు, దాని నడుమ సన్నని తీగ ఆనోడు, లోపల తక్కువ పీడనంలో ఆర్గాన్ వాయువు. వికిరణం ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొడితే అది తీగవైపు పరుగెడుతుంది. తీగ దగ్గర విద్యుత్ క్షేత్రం అతి తీవ్రం కనుక దారిలోని పరమాణువులను గుద్ది మరిన్ని ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. ఒకటి రెండై, రెండు నాలుగై వెల్లువవుతుంది. ఈ ఉత్సర్గం రావడం తప్పు కాదు, మనం లెక్కపెట్టేది దాన్నే. ఆగకపోవడమే తప్పు. ధన అయాన్లు కాథోడును తాకి అక్కడ కొత్త ఎలక్ట్రాన్‌ను పుట్టిస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

అందుకే ఆర్గాన్‌లో కాస్త ఆల్కహాలు ఆవిరి కలుపుతారు. ఆర్గాన్ అయాన్లు తమ ఆవేశాన్ని దారిలోనే ఆల్కహాలు అణువులకు అప్పజెబుతాయి. అవి కాథోడు దగ్గర తాము ముక్కలవుతాయే గాని కొత్త ఎలక్ట్రాన్‌ను పుట్టనివ్వవు. అంటే ప్రతి కౌంటుకూ కొంత ఆల్కహాలు ఖర్చన్నమాట. నేను మురిసిపోయిన ఆ కాసేపట్లో ఎన్ని ప్రయోగాలకు సరిపడే ఆల్కహాలు తగలేశానో! బ్రోమిన్, క్లోరిన్ వంటి హాలోజన్లు వాడిన ట్యూబులకు ఈ బాధ లేదు. వాటి అణువులు విడిపోయినా మళ్ళీ కలుసుకుంటాయి.

కొత్త తరం శోధకాల్లో చిక్కు వేరు. వాతావరణ పీడనంలో ఒక సెంటీమీటరు ఆర్గాన్‌ను దాటే మ్యూయాన్ సుమారు 100 ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. వాటిని 10,000 రెట్లు పెంచితే 10 లక్షలు, ఫరవాలేదు. అదే చోటికి ఒక ఆల్ఫా కణం వచ్చిందనుకోండి, రమారమి 2 లక్షల ఎలక్ట్రాన్లు! అన్నే రెట్లు పెరిగితే 200 కోట్లు. ఒక వెల్లువలో కోటి నుంచి పది కోట్లదాకా చేరేసరికే అది నిప్పురవ్వగా మారుతుంది. 1988లో ఆంటన్ ఓడ్ గాజుపలకమీద సన్నని లోహపు చారలు గీసి చేసిన శోధకానికి ఇదే శాపమైంది. రవ్వ పడితే చార కాలిపోయేది.

1997లో ఫాబియో సౌలి రూపొందించిన 'జెమ్' రేకు మందం 50 మైక్రాన్లు. రెండు వైపులా రాగి, నిండా 70 మైక్రాన్ల రంధ్రాలు. ఇలాంటివి మూడు ఒకదాని వెనుక ఒకటి పెడితే ఒక్కొక్కటి 20 రెట్లు పెంచినా మొత్తం 8,000 రెట్లవుతుంది. ఏ ఒక్క రేకుకూ ప్రమాదకరమైన వోల్టేజి ఇవ్వనక్కరలేదు. పైగా ఎలక్ట్రాన్లు రేకు నుంచి రేకుకు పోయేలోగా చెదిరి ఎక్కువ రంధ్రాలకు పంచుకుంటాయి. అయినా రవ్వ పడిందా? రేకును ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు విడిగా ఒక పెద్ద నిరోధం ద్వారా వోల్టేజి ఇస్తారు. పదో వంతు ముక్కలో నిల్వ ఉండేది పదో వంతు శక్తే కాబట్టి, రేకును కాల్చేంత సత్తువ ఆ రవ్వకు ఉండదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1981లో సాంటోనికో, కార్డరెల్లి బేకలైటు పలకలతో చేసిన శోధకం. తర్వాత గాజుతోనూ చేశారు. ఎలక్ట్రోడే విద్యుత్తును సరిగా ప్రవహింపనీయని పదార్థం. రవ్వ పడ్డచోట పలకమీది ఆవేశం ఖాళీ అవుతుంది, చుట్టుపక్కలనుంచి వెంటనే వచ్చి నిండదు. వోల్టేజి అక్కడికక్కడే పడిపోయి రవ్వ తనంతట తానే ఆరుతుంది. ఆ కాస్త చోటు తేరుకునేదాకా మిగతా పలక తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.