పైరుకు ఉన్నట్లే పసిమెదడుకూ అదును ఉంది

పిలకలు వేసే దశలో నత్రజని అందని వరికి ఈనే దశలో ఎంత యూరియా చల్లినా పోయిన పిలకలు తిరిగి రావు. ఇది మీకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పసిపిల్లల మెదడు సంగతీ ఇంచుమించు అంతే. తల్లి కడుపున పడిన నాటి నుంచి రెండేళ్లు నిండేదాకా, అంటే సుమారు 1000 రోజులు, మెదడు అతి వేగంగా పెరుగుతుంది. రెండేళ్లకే పెద్దవారి మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతానికి చేరుతుంది.

ఏది లోపిస్తే ఏమవుతుంది?

ఇనుము చాలకపోతే రక్తం తగ్గడమే కాదు, మెదడు నరాల ఎదుగుదలా కుంటుపడుతుంది. బిడ్డ మందకొడిగా ఉంటాడు, చెప్పింది మనసుకు పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి అయొడిన్ బాగా తక్కువైతే బిడ్డకు బుద్ధిమాంద్యం రావచ్చు.

గ్వాటెమాలా దేశంలో 1969 నుంచి 1977 దాకా నాలుగు పల్లెల్లో ఒక పరిశీలన జరిగింది. రెండు పల్లెల్లో మాంసకృత్తులున్న జావ, మిగతా రెండింటిలో తీపి పానీయం ఇచ్చారు. పసితనంలో జావ తాగినవారు పెద్దయ్యాక చదివి అర్థం చేసుకోవడంలో ముందున్నారు.

ఏం చేయాలి?

* గర్భిణి నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు వేసుకోవాలి. మాత్రతో గానీ, భోజనంతో గానీ టీ తాగకూడదు.

* దూడకు జున్నుపాలు తప్పకుండా తాగిస్తాం కదా! మరి తల్లి ముర్రుపాలు పిండి పారబోయడం ఏం న్యాయం? పుట్టిన గంటలోపే పట్టించాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు.

* ఆరు నెలలు నిండగానే మెత్తగా మెదిపిన పప్పన్నంలో చెంచా నూనె లేదా నెయ్యి కలిపి పెట్టాలి. గుడ్డు, తోటకూర, మునగాకు అలవాటు చేయాలి. ఆకుకూరలో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. తల్లిపాలు రెండేళ్ల దాకా ఇవ్వాలి.

* అయొడిన్ కలిపిన ఉప్పే వాడాలి. మూత పెట్టి ఉంచాలి.

* ఏడాది దాటిన పిల్లలకు ఆరు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించాలి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పిండి బిడ్డకే పెట్టాలి.

రెండేళ్లు దాటిపోయాయని చేతులు ముడుచుకోనవసరం లేదు. బడికి వెళ్లే పిల్లాడికి పొద్దున్నే కడుపు నింపి పంపితే పాఠం తలకెక్కుతుంది.

గుడ్లన్నీ సంతకు, పప్పుధాన్యమంతా వ్యాపారికి పోనీయకండి. విత్తనాలకు గింజలు తీసి దాచినట్లే, అమ్మకానికి ముందే తల్లీబిడ్డల వాటా పక్కన పెట్టండి.