కోకమ్ చెట్టు వరంగల్‌లో బతుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి గోవా నుంచి కోకమ్ మొక్క తెచ్చింది. ఇంటి వెనక ఎండ బాగా తగిలే జాగా ఉంది. అక్కడ పెట్టొచ్చా?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ఎండ జాగాలో మాత్రం పెట్టకండమ్మా. కోకమ్ పడమటి కనుమల తడి అడవుల చెట్టు. పెద్ద చెట్ల నీడన, ఏటా 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడే కొంకణ్, గోవా ప్రాంతాల్లో పెరుగుతుంది. వరంగల్‌లో పడేది సుమారు 1,000. ఆ లోటును నీళ్లు పోసి కొంత తీర్చొచ్చు. అసలు గండం మన వడగాలి. కొంకణ్‌లో సముద్రపు గాలికి వేసవిలోనూ తేమ ఉంటుంది. మనకు మే నెలలో 42 డిగ్రీలు దాటే ఎండ, పొడిగాలి. లేత మొక్క మాడిపోతుంది.

పెరట్లో మామిడో, కొబ్బరో ఉంటే దానికి తూర్పు పక్కన, వానలు మొదలయ్యాక నాటండి. పొద్దు వాలాక ఎండ తగలదు. చెలక నేల మంచిది. రేగడైతే నీరు నిలవకుండా మట్టి ఎత్తుగా పోయండి. మొదటి మూడు నాలుగు వేసవుల్లో పైన పందిరి, మొదలు చుట్టూ ఎండుటాకులు తప్పనిసరి.

అది గింజ మొక్కా, అంటు మొక్కా? మీ అమ్మాయిని తప్పకుండా అడగండి. కోకమ్‌లో ఆడ, మగ చెట్లు వేరు. గింజ మొక్కల్లో దాదాపు సగం మగవే. ఆ సంగతి ఏడెనిమిదేళ్లకు పూత వస్తే గాని తెలియదు. అన్నేళ్లు సాకాక కాయ లేదంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఆడ చెట్టు నుంచి కట్టిన అంటునే తెప్పించుకోమంటాను. దాపోలీలోని కొంకణ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ‘కొంకణ్ అమృత’ మంచి రకం.

ప్రశ్న: ఎండు కోకమ్‌తో పచ్చిపులుసు కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: చక్కగా కుదురుతుంది. తొక్కలను గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ ఎర్రటి నీళ్లు వాడండి. ఉప్పు వేసి ఎండబెట్టిన తొక్కలూ అమ్ముతారు, రుచి చూశాకే ఉప్పు వేయండి. రాగి, అల్యూమినియం గిన్నెలు వద్దు.

ప్రశ్న: బరువు తగ్గుతారని గార్సీనియా బిళ్లలు అమ్ముతున్నారు. అదీ కోకమేనా? వాడొచ్చా?
– ఒక ఉద్యోగి, వరంగల్

జవాబు: ఎక్కువగా కోకమ్‌కు దగ్గరి చుట్టమైన కుడంపులి నుంచి చేస్తారు. కేరళవాళ్లు చేపల కూరలో వేసే పులుపు అది. రెండింటిలోనూ హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం ఉంటుంది. కూరలో కొద్దిగా వేసుకోవడం వేరు, సారం తీసి రోజూ మింగడం వేరు. 2009 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హైడ్రాక్సీకట్ అనే బరువు తగ్గించే మందులు వాడొద్దని హెచ్చరించింది. కాలేయం దెబ్బతిన్నట్టు 23 ఫిర్యాదులు రావడమే కారణం. వారిలో ఒకరు చనిపోయారు. ఆ మందుల్లో కొన్నింటిలో గార్సీనియా ఉండేది. అప్పట్లో ఏ పదార్థం తప్పో తేలలేదు గాని, తర్వాత గార్సీనియా ఒక్కటే వాడినవారిలోనూ కాలేయం చెడిన ఉదంతాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. పోనీ, బరువైనా బాగా తగ్గుతుందా అంటే అదీ అంతంతే.

ఇప్పటికే వాడుతుంటే ఆపేయండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ బిళ్లలు వాడారో దాచకుండా చెప్పండి.